జ్వరం దిగేటప్పుడు చెమటెందుకు పడుతుంది?

ఒకప్పుడు జ్వరం వచ్చేది, పోయేది గానీ, పోయేటప్పుడు ఒక్క చుక్క చెమట పట్టేది కాదు. నమ్మరా? అయితే నూకాలు సంగతి వినండి.

నూకాలుకి ఐదేళ్ళు. ఆ పిల్ల ఒంట్లో ఇద్దరు చాటింపుగాళ్ళు ఉండేవాళ్ళు, అన్నదమ్ములు. అన్న పేరు పిలుపు, తమ్ముడి పేరు చాలు. ఇలాంటివాళ్ళని డాక్టర్లు సైటోకైన్లు అంటారు. మనకెందుకు, నోరు తిరగదు.

ఒంట్లోకి క్రిములు దూరితే పిలుపు తప్పెట కొట్టేవాడు. "రండి! తినండి!" అనగానే బొజ్జన్నలు లేచేవారు. బొజ్జన్నలంటే ఒంటికి కాపలావాళ్ళు. వాళ్ళకి చెవులూ పొట్టా తప్ప కళ్ళు లేవు. తినమన్నంతసేపూ దొరికిందల్లా మింగేవారు. ఆ హడావిడికి ఒళ్ళు కాలిపోయేది. అదే జ్వరం. క్రిములు అయిపోగానే తమ్ముడు తన తప్పెట అందుకుని, "చాలు! పడుకోండి!" అని కొట్టేవాడు. ఒళ్ళు చల్లబడేది.

తంటా ఎక్కడొచ్చిందంటే, ఒళ్ళు కాలేటప్పుడు నూకాలు తల్లి అచ్చియ్యమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "పాడు జొరం! ఎక్కడ దాపురించిందే తల్లీ!" అని తిట్టేది. చల్లబడ్డాక అదే చెయ్యి వేసి, "హమ్మయ్య!" అనేది.

ఆ హమ్మయ్య వినగానే పిలుపుకి కడుపు రగిలిపోయేది. "చేతులు పడిపోయేలా కొట్టేది నేను. నాకు తిట్లా? చివర్లో నాలుగు దెబ్బలు కొట్టినోడికి హమ్మయ్యా?"

తమ్ముడు నవ్వితే తనని చూసే నవ్వాడనుకునేవాడు. తమ్ముడు తప్పెట తుడుచుకుంటుంటే దర్జా చూపిస్తున్నాడనుకునేవాడు. పాపం, చాలుకి ఇదేమీ తెలీదు. రోజూ "అన్నా, అన్నా" అంటూ వెనకే తిరిగేవాడు. అది ఇంకా మంట.

ఒకసారి నూకాలుకి జ్వరం రాగానే పిలుపు ఓ పాడు పని చేశాడు. తమ్ముడి తప్పెట పుల్లలు ఎత్తుకుపోయి నూకాలు ఎడమ డొక్కలో దాచేశాడు. "ఇప్పుడు హమ్మయ్య ఎవరికొస్తుందో చూస్తా!"

క్రిములు అయిపోయాయి. అయినా పిలుపు ఆపలేదు. ఇంకా గట్టిగా కొడితే అచ్చియ్యమ్మ తననే మెచ్చుకుంటుందనుకున్నాడు, వెర్రివాడు. బొజ్జన్నలకి తినడానికి ఏమీ దొరక్క, ఊపిరి మోసుకెళ్ళే ఎర్రకూలీల్ని మింగడం మొదలుపెట్టారు. ఆ మత్తులో వాళ్ళూ "తినండి! తినండి!" అని అరవసాగారు. నూకాలు మొహం తెల్లగా పాలిపోయింది. ఎడమ డొక్క ఉబ్బిపోయింది.

అచ్చియ్యమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. పిలుపు చెవులు రిక్కించాడు. ఆమె ఈసారి తిట్టలేదు.

"నూకాలూ, ఒక్కపాలి అమ్మా అనవే," అంది.

నూకాలు పెదవి కదిలింది గానీ మాట రాలేదు.

పిలుపు తప్పెట విసిరేశాడు. అయినా బొజ్జన్నలు వింటేనా? వాళ్ళ అరుపులే వాళ్ళని ఉసిగొల్పుతున్నాయి. పిలుపు డొక్కలోకి పరిగెత్తి పుల్లలు తీసుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నేనే దాచాన్రా. నీ మీద ఏడ్చి దాచాను. కొట్టరా, పిల్ల పోతాది!"

చాలు తెల్లబోయాడు. "అడిగితే నానే ఇద్దును గదన్నా," అన్నాడు. అంతకంటే మాట్లాడే తీరిక లేదు. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాడు. ఒక్కో బొజ్జన్నే కూలబడి పడుకున్నాడు.

పిలుపు మాత్రం సిగ్గుతో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు ఎటు పోవాలో తెలీక నూకాలు నుదుటి మీద బొట్లు బొట్లుగా బయటికొచ్చాయి. అచ్చియ్యమ్మ చీరకొంగుతో తుడిచి, "హమ్మయ్య! చెమట పట్టింది!" అంది.

నూకాలు "అమ్మా" అంది.

ఎక్కడో నూటికో కోటికో ఒకరి ఒంట్లో ఆ పుల్లలు ఇప్పటికీ దొరకవు. అప్పుడు డాక్టర్లే బయటినుంచి మందులతో "చాలు" కొట్టాలి. మిగతా మనందరికీ మాత్రం జ్వరం దిగేటప్పుడు నుదుటి మీద చెమట పట్టేదీ, అమ్మ అది తుడుస్తూ హమ్మయ్య అనేదీ అప్పటినుంచే. ఆ హమ్మయ్య పిలుపుదే. వింటాడు, ఇంకాస్త ఏడుస్తాడు.