ఇంటి అడ్వాన్సు ఎవరి చేత్తో

శ్రీకాళహస్తిలో ప్రసూనమ్మ దగ్గర కలంకారీ నేర్చుకునే అమ్మాయిలకు ఒక సంగతి బాగా తెలుసు. రంగుల గురించి అడిగితే ఆమె వెంటనే చెబుతుంది. బతుకు గురించి అడిగితే మాత్రం చేతికి సంచి ఇచ్చి బజారుకు బయల్దేరదీస్తుంది. ప్రశ్న చిన్నదైతే కూరగాయలు, పెద్దదైతే కరక్కాయలు మోయాల్సి వస్తుందని ఆ అమ్మాయిలు తమలో తాము నవ్వుకునేవారు. గుడ్డను నానబెట్టడానికి వాడే కరక్కాయలు బరువు మరి.

మునిలతది కరక్కాయల ప్రశ్నే అయింది.

ఆ పిల్ల మూడేళ్లుగా ప్రసూనమ్మ దగ్గర పనిచేస్తోంది. వెదురు కలంతో ఆమె గీసే నెమళ్ల కోసం తిరుపతి నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. నెల కిందట, మోటార్లకు వైండింగ్ చేసే ధనుంజయను రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకుంది. ఇద్దరి ఇళ్ల నుంచీ ఎవరూ రాలేదు. పెళ్లయితే అయింది గానీ కాపురం మొదలు కాలేదు. అతను ముగ్గురు స్నేహితులతో ఒకే గదిలో, ఆమె లేడీస్ హాస్టల్లో. సాయంత్రం బస్టాండు దగ్గర టీ తాగి, ఎవరి దారిన వాళ్లు పోయే మొగుడూ పెళ్లాలు.

చివరికి రైల్వే గేటు అవతల రెండు గదుల వాటా దొరికింది. అద్దె ఐదువేలు, అడ్వాన్సు ఆరు నెలలది, అంటే ముప్పైవేలు. ఇంటాయన సోమవారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత చేరడానికి ఇంకో కుటుంబం కాచుకుని ఉంది. ధనుంజయ దగ్గర ఎనిమిదివేలు ఉన్నాయి. మునిలత దగ్గర నెమళ్లు సంపాదించి పెట్టిన ఇరవై మూడువేలు ఉన్నాయి. రెండూ కలిపితే ఇల్లు వచ్చి, పాలు పొంగించుకోవడానికి గిన్నె కూడా వస్తుంది. ఒకటో తరగతి పిల్లలు చేసే ఈ కూడిక దగ్గర ధనుంజయ ఆగిపోయాడు. మొదటి ఇంటికి పెళ్లాం డబ్బు కట్టిందంటే స్నేహితుల ముందు తలెత్తుకోలేనన్నాడు. వారం వడ్డీకి ఇచ్చేవాడి దగ్గరికి పోతానన్నాడు. రెండు రోజులు బతిమాలితే దారికొచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఆమె ముందుగానే డబ్బు అతని చేతిలో పెట్టాలి, ఇంటాయనకు అతనే ఇవ్వాలి, అంతా అతనిదే అనాలి. ఆ డబ్బు ఆమెది కావడంలో అతనికి ఇబ్బంది లేదు. ఆమెదని తెలియడంలోనే ఇబ్బంది.

మునిలతకు ఇది పెద్ద విషయంలా తోచలేదు. ఇల్లు రావాలి, మనిషి నొచ్చుకోకూడదు, అంతే. అయినా ఎక్కడో కాలి కింద ఇసుకరేణువులా ఏదో గరగరలాడుతుంటే, శనివారం ఉదయం రంగు కలుపుతూ కలుపుతూ అడిగింది.

"అమ్మా, మేమిద్దరం ఒకటే కదా. ఎవరి చేత్తో ఇస్తే ఏముంది?"

ప్రసూనమ్మ కలం కింద పెట్టి, గోడకున్న సంచి తీసి ఆ పిల్ల చేతికిచ్చింది.

బజారులో ఐదు కిలోల కరక్కాయలు కొన్నారు. ధర పెరిగిందని ప్రసూనమ్మ కొట్టువాడితో చాలాసేపు పోట్లాడింది. తిరిగొస్తూ ఆకలేస్తోందని ఒక హోటల్లోకి తీసుకెళ్లింది. జవాబు ఎప్పుడొస్తుందా అని మునిలత ఎదురుచూస్తుంటే ఆమె పొంగలి మీద నెయ్యి తక్కువైందని సర్వరుతో రెండో పోట్లాట మొదలుపెట్టింది.

పక్క టేబుల్ దగ్గర యాభై దాటిన దంపతులు కూర్చుని ఉన్నారు. ఆయన గంజిపెట్టిన తెల్లచొక్కా, చేతికి బరువైన గడియారం. ఆమె ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, మెడలో ఏదో ప్రభుత్వ ఆఫీసు గుర్తింపు కార్డు. తినడం అయ్యింది. సర్వరు బిల్లు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆమె బ్యాగు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన నోటును టేబుల్ కింద నుంచి ఆయన వైపు చాచింది. పాతికేళ్ల అలవాటు అయ్యుండాలి, ఆమె చూపు కిటికీ మీదే ఉంది. ఆయన చెయ్యి కూడా కిందికొచ్చింది గానీ ఆ రోజెందుకో రెండు చేతులూ కలవలేదు. నోటు జారి రెండు టేబుళ్ల మధ్య పడింది. ఆయన వంగలేదు. అంత గంజిలో వంగడం కష్టం.

నేల తుడుస్తున్న మనిషి దాన్ని చూసి తీసుకుంది. ఆమె పేరు చెంగమ్మ అని తర్వాత తెలిసింది. పోయిన నెల ఇలాగే దొరికిన నోటును అడిగినవాళ్ల చేతిలో పెడితే, గంట తర్వాత అసలు మనిషి వచ్చాడట, ఓనరు ఆమె జీతంలో కోసుకున్నాడట. అందుకని ఇప్పుడు ఆమె జాగ్రత్త ఆమెది. నోటు గుప్పిట్లో దాచుకుని ఇది ఎవరిదని అడిగింది.

తెల్లచొక్కా ఆయన గొంతు సవరించుకుని తనదేనన్నాడు.

"ఎంత నోటు సార్?"

ఆయన ఆ నోటును ఇంకా చూడనే లేదు. తన హోదాకు తగ్గట్టుగా ఐదువందలన్నాడు. చెంగమ్మ గుప్పిట విప్పింది. రెండువందలు. మీది కాదులే సార్ అని మర్యాదగానే చెప్పి, తీసుకెళ్లి క్యాషు బల్ల మీద పెట్టింది.

ఆ బ్యాగావిడకు అది ఎంత నోటో తెలుసు. ఎన్ని మడతలున్నాయో కూడా తెలుసు. ఆమె నోరు తెరవలేదు. మళ్లీ బ్యాగు తెరిచి ఇంకో నోటు తీసి, మళ్లీ టేబుల్ కింద నుంచే ఇచ్చింది. ఈసారి చేతులు కలిశాయి. ఆయన దర్జాగా బిల్లు కట్టి, చిల్లర జేబులో వేసుకుని బయటికి నడిచాడు.

ఒక నిమిషం తర్వాత ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది. నీళ్ల సీసా మరిచానని సీసా తీసుకుని, చెంగమ్మ దగ్గరికి వెళ్లి మెల్లిగా చెప్పింది. రెండువందల నోటు, నాలుగు మడతలు, ఒక మూల చిరుగు. చెంగమ్మ క్యాషు బల్ల దగ్గర నోటు విప్పి చూసి ఆమె చేతిలో పెట్టింది.

"అప్పుడే ఒక మాట అనుంటే సరిపోయేది కదక్కా."

"అప్పుడాయన ఉన్నాడు కదమ్మా," అని ఆవిడ చిన్నగా నవ్వి వెళ్లిపోయింది.

ప్రసూనమ్మ పొంగలి తినడం ముగించింది. దారి పొడుగునా కరక్కాయల ధర గురించే మాట్లాడింది.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర మునిలత ఈ సంగతంతా ధనుంజయకు చెప్పింది. తెల్లచొక్కా ఆయన ఐదువందలన్న చోట అతను టీ ఒలికేలా నవ్వాడు. ఎలాంటి మనుషులుంటారే లోకంలో అన్నాడు. బ్యాగావిడ రెండో నోటు తీసినప్పుడు ఇంకా నవ్వాడు. ఆవిడ సీసా వంకతో తిరిగొచ్చేసరికి నవ్వు తగ్గింది. చివరి మాట విన్నాక టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మోటారు ఎక్కడ కాలిందో వెతికేవాడిలా చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఒక్క మాట అనుంటే అతను వాదించి ఉండేవాడు, వాదనలో గెలిచి కూడా ఉండేవాడు.

సోమవారం ఇద్దరూ ఇంటాయన ముందు కూర్చున్నారు. ఆయన మునిలతను దాటి చూస్తూ ధనుంజయనే పలకరించాడు. "ఏం నాయనా, మొత్తం తెచ్చినావా?"

"నా దగ్గర ఎనిమిదే ఉంది సార్. మిగతాది ఆమెది. ఆమెనే అడగండి," అన్నాడు ధనుంజయ. చెవులైతే ఎర్రబడ్డాయి గానీ మాట తడబడలేదు.

మునిలత ఇరవై రెండువేలు లెక్కపెట్టి ఇచ్చింది. ఇంటాయన డబ్బు తీసుకోవడంలో ఏ తేడా చూపలేదు. డబ్బుకు ఆడామగా ఉండదన్న సంగతి దాన్ని పుచ్చుకునేవాళ్లకు బాగానే తెలుసు. తాళం దగ్గర మాత్రం ఆయనకు చిక్కొచ్చింది. ఎవరి చేతికివ్వాలో తేలక ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బల్ల మీద పెట్టేశాడు. రెండు చేతులు ఒకేసారి దాని మీదికెళ్లి తగులుకున్నాయి. ధనుంజయే ముందు నవ్వాడు.

మర్నాడు మునిలత ప్రసూనమ్మ దగ్గరున్న తన కలాలు, గిన్నెలు, సగం గీసిన గుడ్డ సర్దుకోవడానికి వచ్చింది. ఇకమీదట ఇంటి దగ్గరే గీస్తుంది, వారానికొకసారి వచ్చి చూపిస్తుంది. వంటగది కిటికీలోంచి తూర్పు వెలుగు వస్తుందట, నీలం రంగు అసలు రంగులాగే కనబడుతుందట. చెబుతుంటే ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ప్రసూనమ్మ తృప్తిగా విని, కొత్త కలాలు నాలుగు తీసి ఆమె గుడ్డల మీద పెట్టింది. అప్పుడు మునిలత ధనుంజయను మెచ్చుకోవడం మొదలుపెట్టింది.

"ఎంత మంచివాడో అమ్మా. అందరి ముందూ నా డబ్బు నన్నే ఇవ్వనిచ్చినాడు."

ప్రసూనమ్మ మంచివాడేనని ఒప్పుకుంది. తర్వాత కలం కొనను వేలితో సరిచూసుకుంటూ అంది.

"సామానంతా తీసుకుపో మే. 'ఇవ్వనిచ్చినాడు' అన్న ఆ ఒక్క మాట మాత్రం ఇక్కడ పెట్టిపో."