నజీర్ గ్లైడర్

ఆ సాయంత్రం వచ్చి మైదానం షెడ్డులో ఉన్న తన బొమ్మ గ్లైడర్ విమానం తీసుకుపోతానని నజీర్ కబురు పంపాడు. ఇక మైదానానికి రాడట. ఆ మాట విన్నప్పటి నుంచీ కిరీటికి కాలు నిలవడం లేదు.

తప్పు కిరీటిదే. ఆమధ్య అందరి ముందూ నజీర్ చేతిలో ఉన్న, విమానాన్ని నడిపే పాత రేడియోని చూపించి, "ఇది తన కంపెనీ విమానంతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. బానిస రేడియో! మోసేవాడూ బానిసే!" అన్నాడు. అది నజీర్ వాళ్లన్న చనిపోకముందు వాడిన రేడియో అని కిరీటికి అప్పటికి తెలియదు.

తెలిశాక క్షమాపణ చెప్పడానికే నజీర్ ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో నిలబడి కంపెనీల గుత్తాధిపత్యం మీద ఉపన్యాసమిచ్చి వచ్చాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత తలుపు తెరుచుకోలేదు. ఈలోగా ఆ రేడియో కూడా పాడైపోయిందని తెలిసింది.

అందుకే కిరీటి తన రేడియో వెనక అగ్గిపెట్టెంత మాడ్యూల్ ఒకటి బిగించాడు. దానికి ఎన్నో కంపెనీల విమానాల్లోని రిసీవర్ల భాష వచ్చు. నజీర్ గ్లైడర్ మళ్లీ ఎగరాలి. అది చూస్తే వాడు వెళ్లిపోడు.

"ఒక్క రేడియో, అన్ని విమానాలు! గోడలన్నీ కూలాలి మాస్టారూ!"

"గోడల సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని పలికించప్పా," అన్నారు మస్తానయ్య మాస్టారు. కర్నూలు శివార్లలోని ఆ బీడులో పిల్లలకు విమానాలు కట్టడం, ఎగరెయ్యడం నేర్పేది ఆయనే.

రేడియోని రిసీవర్ గుర్తుపడితే గ్లైడర్ లోపలి చిన్న దీపం నిలకడగా వెలగాలి. అది మిణుకుమిణుకుమంటోంది. కిరీటి రేడియోని దగ్గరికి జరిపాడు. ఇంకా దగ్గరికి. చివరికి యాంటెన్నాని రిసీవర్‌కి ఆనించేశాడు.

"ఎన్నిసార్లు చెప్పినా వినదేం ఇది!"

మాస్టారు రేడియో అందుకుని, మెల్లగా నడుచుకుంటూ షెడ్డు దాటి, ఎండలో అంత దూరాన నిలబడి మీట నొక్కారు.

దీపం నిలిచి వెలిగింది.

ఆయన తిరిగొచ్చి రేడియోని కిరీటి చేతిలో పెట్టారు.

"మరీ మీదపడితే దానికి మోతే తప్ప మాట వినపడదప్పా."

అప్పుడే నజీర్ సైకిల్ దిగాడు. షెడ్డు వైపు రాకుండా దూరంగానే ఆగిపోయాడు.

కిరీటి గ్లైడర్ పట్టుకుని పరుగందుకున్నాడు. నాలుక చివర మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. సగం దూరంలో ఆగాడు. గ్లైడర్‌ని, రేడియోని అక్కడే గడ్డిలో పెట్టాడు. వెనక్కి నడిచి షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు.



కాసేపటికి నజీర్ వచ్చి గ్లైడర్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. వేలితో మీట కదిపాడు. తోక అటూ ఇటూ ఆడింది. మరోసారి కదిపాడు. తర్వాత రెండూ తీసుకుని, తనే వచ్చి అరుగు మీద కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"ఎడమకి లాగుతుందిరా ఇది."

కిరీటి నోరు తెరవబోయి ఊరుకున్నాడు.

"మా అన్న దీన్ని మొదటిసారి ఎగరేసిన రోజు..." అని నజీర్ మొదలుపెట్టాడు.

కిరీటి ఊఁ కొట్టాడు.