ఒక పేరు ఎక్కువైంది

అప్పలనరసయ్య మాస్టారి దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదట్లో ఒక విషయంలో విసుగు పుట్టేది. ఎవరి పని ఎక్కడ చిక్కుపడినా ఆయన వచ్చి పక్కన కూర్చునేవాడు గాని, కీబోర్డు మీద చెయ్యి వేసేవాడు కాడు. విశాఖపట్నంలో ఆయన నేర్పేది ఒక తరహా అచ్చుపని. కాగితం నమూనా అందరికీ ఒకటే. దాని మీద పడే పేరూ ఊరూ వివరాలూ మాత్రం మనిషి మనిషికీ మారుతాయి. అలా మార్చి పేజీలు తయారుచేసేది సాఫ్ట్‌వేర్.

ఒకనాడు తబిత అనే శిష్యురాలు నర్సింగు పరీక్ష హాల్ టికెట్లు సిద్ధం చేస్తోంది. ఫోటో దొరకలేదని ఒకసారి, పరీక్షాకేంద్రం గడి ఖాళీగా ఉందని ఒకసారి సాఫ్ట్‌వేర్ ఆగిపోతోంది. పొద్దుటి నుంచీ ఇదే వరస.

"మాస్టారూ, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ఆగకుండా పని సాగిపోయే ఉపాయం ఏదైనా ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా. దాలినాయుడు కనిపెట్టాడు," అన్నాడాయన. ఉపాయం మాత్రం చెప్పలేదు; దాలినాయుడి సంగతి చెప్పాడు.

దాలినాయుడు ఒక ప్రెస్సులో ఇదే పని చేసేవాడు. చురుకైనవాడు, బాధ్యత తెలిసినవాడు. ఆ ఏడాది ఒక సేవాసంస్థ సముద్రం ఒడ్డున ఉన్న పల్లెల్లో నోటి జబ్బుల శిబిరం పెట్టింది. అక్కడి ఆడవాళ్లలో చాలామందికి చుట్ట నిప్పు కొసను నోట్లో ఉంచుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిట్లో పుండు పడుతుంది, కొందరికి అది కేన్సరవుతుంది. డాక్టర్లు అందరినీ చూసి వెళ్లాక ఎవరి ఫలితం వాళ్లకు ఉత్తరంగా పంపాలి. భయం లేనివాళ్లకు ఆ మాటే రాస్తారు. అనుమానం ఉన్నవాళ్లను వెంటనే ఆస్పత్రికి రమ్మంటారు. పేర్లు ఒక ఫైలులో, ఫలితాలు మరొక ఫైలులో, ఒకే వరసలో వచ్చాయి. దాలినాయుడు రెండింటినీ కలపబోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. పేర్లలో ఒకటి ఎక్కువ ఉందంది.

ఉత్తరాలు తీసుకెళ్లే వ్యాను వాకిట్లో ఉంది. శిబిరం వాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫైలు చివర ఏదో పేరు అదనంగా చేరి ఉంటుందని అతను అనుకున్నాడు. ఆఖరి పేరు తీసేశాడు. లెక్క సరిపోయింది, ఎర్రర్ పోయింది. అయినా అతను ఊరుకోలేదు. మొదటి పేజీలు తీసి పేరు పేరునా ఫలితంతో సరిచూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అచ్చు వేసి పంపేశాడు.

నిజానికి ఎక్కువైన పేరు చివర్న లేదు. మధ్యలో ఒకామె పేరు రాయించుకుని, నోరు చూపించకుండానే చేపల బేరానికి వెళ్లిపోయింది. ఆమె పేరుంది, ఫలితం లేదు. ఆమె దగ్గర్నుంచీ ప్రతి పేరు కిందా తరవాతి మనిషి ఫలితం పడింది.

ఆ తరవాతివాళ్లలో నూకాలమ్మ ఒకతె. ఆమె అంగిట్లో పుండుంది. ఆమెకు వచ్చిన ఉత్తరం భయం లేదంది. రమ్మన్న ఉత్తరం వరసలో ఆమె ముందున్న మనిషికి వెళ్లింది. ఆ మనిషి ఏడుస్తూ పట్నం వెళ్లి, పరీక్షలు చేయించుకుని, ఏమీ లేదంటే దణ్ణాలు పెట్టుకుంటూ తిరిగొచ్చింది. డాక్టర్లు కూడా సంతోషించారు. ఎందుకిలా జరిగిందని ఎవరూ అడగలేదు.

నూకాలమ్మకు నొప్పి ఎక్కువైంది. కూతురు ఆస్పత్రికి పోదామంటే, "పట్నపోళ్లు సూసి బాగుందన్నారు గదే," అనేది. గంజి కూడా మింగలేని స్థితిలో తీసుకెళ్లేసరికి ఆపరేషన్‌కు వేళ మించిపోయిందన్నాడు డాక్టరు. శిబిరం అయ్యాక ఎందుకు రాలేదని కసిరాడు. కూతురు ఉత్తరం చూపించింది. అప్పుడు తీగ లాగితే దాలినాయుడి దాకా వచ్చింది.

అతను ఆస్పత్రివాళ్లతో కలిసి ఆ పల్లెలన్నీ తిరిగాడు. ఇల్లిల్లూ ఎక్కి తప్పుడు ఉత్తరాలు వెనక్కి తీసుకుని, ఎవరి ఫలితం వాళ్లకు చెప్పారు. కొందరికి అప్పటికింకా వేళ మించలేదు. నూకాలమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మాట పడిపోయింది. అతను గుమ్మంలోనే నిలబడి, చేసిందంతా చెప్పాడు. కూతురు తిడుతుందనుకున్నాడు, కొట్టినా పడదామనుకున్నాడు. ఆమె తల్లి మూతి తుడుస్తూ నెమ్మదిగా అంది:

"మాయమ్మకి సదువు రాదు బాబూ. కాయితం మీద తన పేరు మట్టుకు పోల్చుకుంటాది. పేరు తనదే గదా అని నమ్మీసింది."

శివరాత్రి వెళ్లిన వారంలో నూకాలమ్మ పోయింది. ఆ కబురు తెలిశాక దాలినాయుడు పనిలోకి రావడం మానేశాడు.

మాస్టారు అంతటితో ఆపాడు. తబిత తెర వైపు తిరిగింది. ఖాళీగా ఉన్న పరీక్షాకేంద్రం గడి పక్కన ఎవరో అమ్మాయి పేరు మెరుస్తోంది. దాలినాయుడి మీద జాలి కలిగిందో, తన గురించి భయమే కలిగిందో గాని, ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన లెక్క చూసుకున్నాడు, పేజీలూ చూసుకున్నాడు. ఇంకెవరైనా అంతకంటే ఏం చేసేవారు మాస్టారూ?"

"ఏమో తల్లీ," అన్నాడు అప్పలనరసయ్య. "ఆ రోజు ఆ గదిలో నూకాలమ్మ కోసం ఆగింది మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే."