గుమ్మడివారి వడ్డాణం లెక్క

లోకంలో ఎవరికి బుద్ధి తక్కువైనా తమ ఇంటికొచ్చి చేబదులు పట్టుకుపోవచ్చని గుమ్మడివారి ధీమా. పెద్దకొడుకు అచ్చన్నకైతే తెలివి ఒలికిపోతుందేమోనని భయం. గుమ్మం దాటినప్పుడల్లా తల రెండు చేతులతో పట్టుకునేవాడు.

తెల్లవారితే చెల్లెలి పెళ్ళి. కంసాలి వీరాచారి చేసిచ్చిన వడ్డాణం తూకానికి సరిగ్గానే తూగింది గానీ, రంగు చూసి తల్లి పుల్లమ్మకి దిగులు పట్టుకుంది. "రాగి కలిపాడేమోరా. తేలేదాకా పిల్లకి పెట్టను," అని కళ్ళొత్తుకుంది.

అచ్చన్న లెక్కల మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు. మాస్టారికి కథలంటే మహా సరదా.

"ఇలాగే రాజుగారి కిరీటంలో కల్తీ తేల్చమన్నారట ఆర్కిమిడీస్‌ని. ఆయన స్నానానికని తొట్టిలో దిగాడు, నీళ్ళు పొర్లాయి. అంతే, తెలిసిపోయిందంటూ బట్టల్లేకుండా వీధిలోకి పరుగు తీశాడట. గొప్ప లెక్కలవాళ్ళంతా అంతేనోయ్. థేలీస్ అని ఒకాయన చుక్కలు చూస్తూ నడిచి గోతిలో పడ్డాడట."

ఇంకేముంది. వెంట వచ్చిన తమ్ముడు బూసన్న తేలిగ్గా ఉన్నది ముందు పట్టాడు. పగలు చుక్కల్లేవు కదా అని కాకుల్ని చూస్తూ నడిచి పేడగుంటలో పడ్డాడు.

"ఏమన్నా తెలిసిందట్రా?" అన్నాడు అచ్చన్న.

"పేడని తెలిసిందన్నయ్యా."

"అది మనకి ముందే తెలుసు. లేచి రా."

ఇక అచ్చన్న పెళ్ళివంటల పొయ్యి పక్కనే గంగాళం నిండా నీళ్ళు పోయించి, బట్టలిప్పేసి, వడ్డాణం నడుముకి పెట్టుకుని అందులో దిగాడు. నీళ్ళు భళ్ళున పొర్లి పొయ్యి ఆరిపోయింది, అరిసెల పిండి కొట్టుకుపోయింది. అచ్చన్నకి మాత్రం ఏమీ తెలియలేదు. పరుగెత్తాక తెలుస్తుంది కాబోలనుకున్నాడు. అంతే, వడ్డాణం తప్ప ఒంటిమీద నూలుపోగు లేకుండా, "తెలిసిపోయింది, తెలిసిపోయింది" అంటూ కంసాలివీధిన పడ్డాడు.

ఆ కేకకి వీరాచారి గుండె జారిపోయింది. గబగబా బంగారు ముద్ద తెచ్చి అచ్చన్న చేతిలో పెట్టాడు. "బాబ్బాబు, ఇది ఉంచుకో. ఊళ్ళో మాత్రం అరవకు."

అచ్చన్న మనసు కరిగిపోయింది. ఇంటికొచ్చి, తువ్వాలు చుట్టుకుని, తల్లికి చెప్పాడు.

"తేలిపోయిందే అమ్మా. వీరాచారి బంగారంలాంటి మనిషి. అడక్కుండానే ఇంత ముద్ద చేతిలో పెట్టాడు. పరాయి సొమ్ము మనకెందుకని వద్దన్నాను. అలాంటివాణ్ణి అనుమానించామే అని సిగ్గేసి, వడ్డాణం కూడా విప్పి ఆయనకే ఇచ్చొచ్చాను."

పుల్లమ్మకి ప్రాణం లేచొచ్చింది. "నా తండ్రే, ఇప్పటికి నా బెంగ తీర్చావురా. అంత మంచివాడు చేసిన నగలో రాగి ఎందుకుంటుంది? ఇక నిశ్చింతగా పిల్లకి పెడతాను, ఆ వడ్డాణం ఇలా తే."