నక్క వేసిన డ్యూటీ చార్టు

ఇంకాస్త ముందుకు జరగండమ్మా. ఇది ఒళ్లు మండే కథ. ఆ దేవదేవుడి దయవల్ల ఆఖర్న న్యాయం జరిగింది కనుక చెప్పగలుగుతున్నాను.

అడవిలో ఒక ఆస్పత్రి ఉండేది. అక్కడ పెద్ద డాక్టరు ఏనుగమ్మ రోజూ పొద్దున ఒక గంట పాఠం చెప్పేది. జ్వరం ఎలా పసిగట్టాలి, పొట్టలో చేరిన నీరు సూదితో ఎలా తీయాలి, అన్నీ. మూడేళ్లు నేర్చుకుంటే డాక్టరు పట్టా. ఆ గంటసేపు రోగుల్ని చూసుకోవాల్సింది మాత్రం డ్యూటీ చార్టు వేసే నక్క.

నక్కకేమో పొద్దుటి ఎండలో కునుకు తీయడం అలవాటు. అందుకని తన గంటలోకి ఎద్దు లింగన్నను తోసింది. లింగన్న మూడు కొండలు దాటి చదువుకు వచ్చినవాడు. వాళ్ల మందలో వైద్యం తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఏడాది గడిచినా లింగన్న ఒక్క పాఠం వినలేదు. అడిగిన ప్రతిసారీ, రోగి పక్కన నిలబడటమే అసలు చదువనీ, పాఠానికి రేపు వెళ్దువులే అనీ నక్క సర్దిచెప్పేది. పైగా హాజరు పట్టీలో ప్రతి పాఠానికీ లింగన్న పేరు ఎదురుగా తనే టిక్కు పెట్టేది. విస్తరి లాగేసుకుని, కడుపునిండా తిన్నాడని రాసుకోవడం కాదూ ఇది? దేవుడు చూడడనుకుందేమో.

సింహం తనిఖీకి వచ్చిన పొద్దున, ముందురోజు మెక్కిన కుళ్లు పీతలకు నక్క పొట్ట కుండలా ఉబ్బింది. ఏనుగమ్మ పాఠంలో ఉంది. నక్క బల్లమీద పడి మూలుగుతుంటే డ్యూటీలో ఉన్నది లింగన్నే. చార్టు అలా వేసింది మరి.

లింగన్న నిదానంగా పెద్ద సూది తీశాడు.

"మహారాజా, పొట్టలో సూది దింపే పాఠం మొన్న మంగళవారమే అయింది. నేను విన్నానని పట్టీలో ఉంది. దింపమంటారా?"

సింహం పట్టీ చూసింది. "టిక్కు ఉందిగా. కానీయ్."

నక్క లేవబోయింది, పొట్ట లేవనివ్వలేదు. "వద్దు మహాప్రభో, వాడికి రాదు. వాణ్ణి ఒక్కరోజు కూడా పాఠానికి పంపలేదు."

"మరి ఈ టిక్కులు ఎవరు పెట్టారు?"

నక్క ముంగాళ్లతో మొహం కప్పుకుంది. లింగన్న సూది పక్కన పెట్టేశాడు.

"నేర్చుకోని చేత్తో నక్కనైనా పొడవకూడదు మహారాజా. ఏనుగమ్మను పిలుస్తాను. ఆవిడ వైద్యం చేస్తుంటే పక్కన నిలబడి చూస్తాను. నాకు ఇదే మొదటి పాఠం."

నక్క బతికింది. చార్టు దాని చేతిలోంచి పోయింది. ఇప్పుడు రోజూ ఆ గంటసేపు మూలిగే రోగుల మధ్య అదే తిరుగుతుంది. లింగన్న పాఠంలో ముందు వరసలో కూర్చుంటాడు. అయినా, పోయిన ఆ ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు, మీరే చెప్పండి.

నీతి: నేర్పాల్సిన గంటను కాజేసినవాడు, ఏదో ఒకరోజు ఆ నేర్వని చేతికే రోగిగా చిక్కుతాడు.