మూడో రోజు రుచి

కాత్యాయనిగారిని లెక్క అడిగితే లెక్కే చెబుతారు. లెక్క కానిదేదైనా అడిగితే మాత్రం చేతికి ఏదో ఒక పని పురమాయిస్తారు. కాకినాడలో లెక్చరరుగా రిటైరయ్యాక ఇంటి వసారాలో పాఠాలు చెప్పిన ఇన్నేళ్లూ ఆవిడ పద్ధతి అదే. మేమంతా ఆవిడకి పెసలు ఏరిపెట్టి, చిక్కుడు తీగలు పాకించి బుద్ధిమంతులమైనవాళ్లమే.

ఆ వేసవిలో హిమజ వంతు వచ్చింది. ఆ పిల్లకి లెక్కలంటే ప్రాణం. లెక్కలకి పేరుమోసిన ఒక పెద్ద సంస్థలో చేరాలని పదో తరగతి నుంచీ కలలు కంది. అక్కడికి దరఖాస్తు పెట్టాలంటే ప్రవేశపరీక్ష స్కోరు చూపించాలి. ఆ తర్వాత, వాళ్లకి నచ్చితే, ఇంటర్వ్యూకి పిలుస్తారు. హిమజకి నూటికి అరవై రెండు వచ్చాయి. తోటివాళ్లకి తొంభైలు. దరఖాస్తుకి ఆ సాయంత్రమే ఆఖరు. పొద్దున్నే కళ్లు వాచిపోయి వచ్చింది.

"ఈ మార్కులతో పంపితే నవ్విపోతారు మేడమ్. మానేస్తాను. నేను పనికిరానని పరీక్షే చెప్పేసింది కదా?"

కాత్యాయనిగారు ఆ పిల్ల చేతికి తువ్వాలు అందించారు. "ఇవాళ ఆవకాయ తిరగ కలపాలి. చెయ్యి తడి లేకుండా తుడుచుకుని రా," అన్నారు.

ఆవకాయ పెట్టి అది మూడో రోజు. హిమజ జాడీకి కట్టిన గుడ్డ విప్పి అడుగు నుంచి పైకి కలిపింది. రుచి చూడమంటే కాస్త నాలిక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"అమ్మో, ఉప్పు కషాయం! ఆవ ఘాటు ముక్కుకెక్కింది. ముక్క దారి ముక్కది, పిండి దారి పిండిది."

"అయితే పారబోద్దామా?"

హిమజ తెల్లబోయింది. ఆవిడ జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి తీసుకెళ్లి కంచం పెట్టారు. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన వేరే జాడీలోంచి ఓ ఊట ముక్క. రాత్రి నుంచీ ఏమీ తినని పిల్ల. నాలుగు ముద్దలు పడేసరికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదెంత బాగుందో మేడమ్! ఎవరు పెట్టారు?"

"పోయిన వేసవిలో నేనే పెట్టాను. మూడో రోజున రుచి చూసింది నువ్వే. అప్పుడూ ఉప్పు కషాయమే అన్నావు."

హిమజ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిజమే అని ఒప్పుకుని, మళ్లీ తనే అడిగింది.

"అయితే అప్పుడు నేనన్నది తప్పా?"

"తప్పెందుకవుతుంది? ఆ రోజుకి అది నిజమే. మూడో రోజునే ఉప్పు సరిపోయిందని ఎవరైనా అంటే నాకు భయం. ముక్క ఉప్పు పీల్చుకున్నాక అది చాలదు, బూజు పడుతుంది."

"వాళ్లు ఆ అరవై రెండే చూస్తేనో?"

"చూడనీ. మూడో రోజు రుచి చూసినవాళ్లకి మూడో రోజు రుచే తెలుస్తుంది. జాడీ నువ్వే దాచేస్తే అదీ తెలీదు."

హిమజ చెయ్యి కడుక్కుని, అక్కడే కూర్చుని, ఫోన్లోనే దరఖాస్తు పంపింది.

సీటొచ్చిందా అని మీరడుగుతారు, మన బుద్ధే అంత. వచ్చింది. ఇంటర్వ్యూలో ఒక లెక్కతో గంటసేపు కుస్తీ పట్టి, అది తేలకపోయినా వదల్లేదట. తీరా చేరాక మొదటి సెమిస్టర్లో అక్కడా అత్తెసరు మార్కులే. ఈసారి మాత్రం కళ్లు వాచలేదు.

మళ్లీ వేసవికి సెలవుల్లో వచ్చినప్పుడు, తను మొదటిసారిగా కలిపిన ఆవకాయ చిన్న జాడీలో పట్టుకొచ్చింది. కాళ్లకి దణ్ణం పెట్టి, "ఆ పూట మీరు అన్నం పెట్టకపోతే నేనీపాటికి లెక్కలే మానేసేదాన్ని మేడమ్. మీ రుణం ఎలా తీర్చుకోను?" అంది.

ఆవిడ జాడీ అందుకున్నారు. "ఎప్పుడు కలిపావు?" అని అడిగారు.

"మొన్న."

కాత్యాయనిగారు చెయ్యి పొడిగా తుడుచుకున్నారు. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నారు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"ఉప్పెక్కువైంది," అన్నారు ఎంతో తృప్తిగా. "గుడ్డ కట్టెయ్యి."