అసిరమ్మ అలికిన బడి

అనగనగా ఎప్పుడని అడిగితే చెప్పలేం. మనుషులు పుట్టినరోజులు గుర్తుపెట్టుకోని కాలం, పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దే కాలం అనుకోండి. ఏరు పక్కన కొండ, కొండ పక్కన ఒక ఊరు. ఊరి పేరు ఏడుమెట్లవలస. మెట్లు లెక్కపెట్టకండి, మూడే కనిపిస్తాయి.

ఆ ఊళ్ళో ఒక బడి ఉండేది. బడంటే ఒక పూరిపాక, ఒక పంతులు, ఒక కుండ. పాకకి మట్టిగోడలు, గోడలకి కిటికీల్లేవు. చూరుకీ గోడకీ మధ్య జానెడు సందు, ఆ సందులోంచే వెలుతురు. పంతులు పేరు కూర్మయ్య. ఆయనకి చదువు వచ్చు, కోపం వచ్చు, నవ్వడం అంతగా రాదు. కుండలో నీళ్ళు నింపేది, నేల అలికేది, వాకిలి చిమ్మేది అసిరమ్మ.

అసిరమ్మకి ఒక్క అక్షరం రాదు. మొగుడు పోయాడు, కూతురూ పోయింది. కూతురి కూతురు పార్వతాలు మిగిలింది. ఆ బడిలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల పార్వతాలే, రెండో తరగతి. సాయంత్రం ఆ పిల్ల ఇంటికొచ్చి ఎక్కాలు అప్పజెబుతుంటే అసిరమ్మ పొయ్యి మీద అంబలి మాడబెట్టేది. ఎక్కాల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ప్రాణం హాయిగా ఉండేది.

ఇప్పుడంటే బడిలో చేర్చడానికి కాగితాలు అడుగుతున్నారు. అప్పుడు కాగితాలెక్కడివి? ఎవరు ఎప్పుడు పుట్టారంటే, ఏరు పొంగిన ఏడని ఒకరు, ఎర్రావు ఈనిన నెలని ఒకరు చెప్పేవాళ్ళు. అందుకని విజయదశమి నాడు కూర్మయ్య పంతులు గడపకి అడ్డంగా పీట వేసుకుని కూర్చునేవాడు. పిల్లల్ని తెచ్చి ఆయన ముందు నిలబెట్టేవాళ్ళు. కుడిచెయ్యి తల మీంచి వేసి ఎడమచెవి ముట్టుకోవాలి. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టే, పేరు ఎక్కుతుంది. అందకపోతే వచ్చే దసరాకి రావాలి. అదే పరీక్ష, ఇంకోటి లేదు.

ఒక దసరాకి పన్నెండుమంది పిల్లలొచ్చారు. పన్నెండుమందీ చేతులు తల మీంచి వేశారు. చెవి అందలేదు, పేరు ఎక్కలేదు.

మరుసటి దసరాకి అదే పన్నెండుమంది జానెడు పొడుగై వచ్చారు. చెవి అందలేదు, పేరు ఎక్కలేదు.

కూర్మయ్య పంతులికి అనుమానం వచ్చింది. ఊరి నీళ్ళలో ఏదో దోషముంది, పిల్లలకి కాళ్ళు పెరుగుతున్నాయిగానీ చేతులు పెరగడం లేదనుకున్నాడు. తన మట్టుకు తాను నీళ్ళు కాచుకుని తాగడం మొదలుపెట్టాడు. రోజూ పడుకునేముందు తన చెవి తాను ముట్టుకుని చూసుకునేవాడని కూడా అంటారు. చదువుకున్నవాళ్ళ అనుమానాలు అలాగే ఉంటాయి.

మూడో దసరా ఇంకో పదిరోజులుందనగా పట్నం నుంచి పెద్దపంతులు గుర్రబ్బండి మీద వచ్చాడు. బడిలో తలలు లెక్కపెట్టాడు. తొమ్మిది. ఈ దసరాకి పన్నెండు కొత్త పేర్లు ఎక్కకపోతే బడిని ఏరవతల పెద్దూరికి మార్చేస్తామని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

గుమ్మం పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ అసిరమ్మ ఆ మాట విన్నది. మగపిల్లలైతే ఎలాగో ఏరు దాటి పోతారు. ఆడపిల్లని ఏరు దాటించి చదివించే ఇల్లు ఆ ఊళ్ళో లేదు. తను ముసలిది, రోజూ దాటించి తేలేదు. బడి పోతే పార్వతాలు చదువు రెండో తరగతితో సరి. ఆ సాయంత్రం పార్వతాలు ఎక్కాలు చెబుతుంటే అసిరమ్మ వినలేక బయటికొచ్చి కూర్చుంది.

దసరాకి రెండు రోజుల ముందు అసిరమ్మ పేడ కోసం ముత్యాలు ఇంటికి వెళ్ళింది. ముత్యాలుకి నాలుగు ఆవులు, ఒక కూతురు. కూతురి పేరు నరసి. రెండు దసరాలుగా చెవి అందని పన్నెండుమందిలో అదొకతె. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. పశువులసాల వెనక తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. తల్లి నేర్పుతోంది. మోచెయ్యి పక్కకి పెట్టమంటోంది, వేళ్ళు లోపలికి ముడుచుకోమంటోంది, ముఖం ఏడుపుగా పెట్టమంటోంది. నరసి చెయ్యి సరిగ్గా చెవికి రెండంగుళాల ఇవతల ఆగింది. అంత బాగా ఆపడానికి ఎన్నాళ్ళు సాధన చేశారో.

ఇంతలో నరసి ఎడమచెవి మీద ఈగ వాలింది. ఎడమచెయ్యి తల్లి పట్టుకుని ఉంది. పిల్ల కుడిచెయ్యి తల మీంచి వెళ్ళి ఈగని ఫట్‌మని కొట్టింది. చెవే కాదు, చెవి కింద బుగ్గ కూడా అందింది.

అసిరమ్మ పేడతట్ట కింద పెట్టింది.

"ఇదేటే ముత్యాలూ?" అంది.

ముత్యాలు దొరికిపోయింది. కొంతసేపు ఆవు తోక సర్దింది, కొంతసేపు కొంగు సర్దుకుంది, చివరికి చెప్పింది. తానొక్కతే కాదు, పన్నెండుమంది తల్లులూ అదే నేర్పుతున్నారట. పిల్లని పంపం అంటే పంతులికి కోపం. తీసుకెళ్ళకపోతే ఊరిపెద్దకి కోపం. చెవి అందకపోతే ఎవరికీ కోపం రాదు.

"సదువంటే సేదా మీకు?" అని అడిగింది అసిరమ్మ.

"సేదేటి అత్తా. లోపల ఏటుంటాదో నాకెరిక నేదు. గోడలకి కన్నం నేదు, లోపల్నుంచి కేకలు ఇనిపిస్తాయి. నాను సూడని సోటుకి నా నరసి గుంటని ఎలగ తోలీది?"

నిజమే మరి. ఆ ఊళ్ళో తల్లుల్లో తండ్రుల్లో ఒక్కరూ బడి లోపల అడుగుపెట్టలేదు. గడపకి పసుపూ కుంకం ఉంటుంది, గడపకి అడ్డంగా పంతులుంటాడు. అక్షరం రానివాళ్ళు ఆ గడప తొక్కితే సరస్వతికి కోపమొస్తుందని ఒకమాట ఉంది. మరి అక్షరం రాని అసిరమ్మ రోజూ మూడుసార్లు ఆ గడప దాటుతోంది కదా అంటే, చీపురు పట్టుకున్న మనిషిని ఎవరు లెక్కపెడతారు? సరస్వతి కూడా లెక్కపెట్టదనుకున్నారు కాబోలు.

పేడతట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తూ ఆలోచించింది. పంతులికి చెబుదామా అనుకుంది. చెబితే ఆయన బెత్తం తీస్తాడు, ఏడుస్తూ చేరిన పిల్లలు ఏడుస్తూనే పారిపోతారు. తల్లుల్ని తిడదామా అనుకుంది. పిల్లని దాచుకున్న తల్లిని తిట్టడానికి నోరు రాలేదు. ఊరుకుందామా అనుకుంది. పార్వతాలు గుర్తొచ్చింది.

దసరాకి ముందురోజు పొద్దున్నే కూర్మయ్య పంతులి దగ్గరకెళ్ళి, పండగ కదా బాబూ, బడి అంతా అలకాలి, ఒక్కదాన్నే చెయ్యలేను, నలుగురు ఆడవాళ్ళని తోడు తెచ్చుకుంటానని అడిగింది. ఆయన తల ఎత్తకుండా సరేనన్నాడు. అలుకు పని ఆడవాళ్ళ పని, అందులో ఆయనకి తప్పేం కనపడలేదు.

అసిరమ్మ నలుగుర్ని కాదు, పన్నెండుమందిని పిలిచింది. చూడ్డానికి రమ్మంటే వచ్చేవాళ్ళు కాదు. అలకడానికి రమ్మంటే పేడ తీసుకుని మరీ వచ్చారు. పండగ ముందు పక్కవాళ్ళ ఇల్లు అలకడానికి పిలిస్తే కాదనకూడదు, అది ఆ ఊరి మర్యాద. గడప దగ్గర మాత్రం ఆగిపోయారు. అసిరమ్మ పేడచేతులతో గడప దాటి లోపల నిలబడి, నా కాళ్ళు విరిగాయేమో చూడండి అంది. ముత్యాలు చూసింది. విరగలేదు. దాటింది. వెనక మిగతావాళ్ళు దాటారు.

లోపల ఏముంది? ఇసక ఉంది. చాపలున్నాయి. మూల కుండ ఉంది. అంతే. ఇంతేనా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డారో అది అక్కడ లేదు.

అసిరమ్మ ఒక్కొక్కరికి ఒక్కో చోటు చూపించింది. ఇక్కడ నీ గుంట కూర్చుంటుంది, ఇక్కడ నువ్వు అలుకు అంది. ఎవరి పిల్ల చోటు వాళ్ళు అలికారు. గులకరాయి ఉంటే ఏరేశారు, గొయ్యి ఉంటే మట్టి పూడ్చారు. ఒక తల్లి ముగ్గులో చిన్న చిలకని కూడా వేసింది. ఆరేక ఎవరి చోట్లో వాళ్ళని కూర్చోమంది. పన్నెండుమందీ పిల్లల్లా కాళ్ళు మడుచుకుని వరసగా కూర్చున్నారు. కూర్చున్నాక అడగడం మొదలుపెట్టారు.

దాహమేస్తే? అని ఒకరు అడిగారు. అసిరమ్మ కుండ చూపించి ముంతతో అందరికీ నీళ్ళు తాగించింది. ఒంటికి వస్తే? అని ఇంకొకరు. చిటికెనవేలు చూపిస్తే పంతులు బయటికి పంపిస్తాడు, వెనక తుప్పలున్నాయి, పాములు లేకుండా కొట్టించాను అంది.

మూడోది ముత్యాలు అడిగింది. "తప్పు సెప్తే?"

అసిరమ్మ జవాబు చెప్పేలోగా గుమ్మంలో నీడ పడింది. కండువా మరిచిపోయి వెనక్కొచ్చిన కూర్మయ్య పంతులు. తన బడిలో వరసగా పన్నెండుమంది ఆడవాళ్ళు కూర్చుని ఉండటం చూసి, లోపలికి రావాలో బయటికి పోవాలో ఆయనకి తెలియలేదు. ఆడవాళ్ళు లేవబోయారు. అసిరమ్మ లేవొద్దంది.

"ఆళ్ళు అడిగింది నాను సెప్పకూడదు బాబూ. మీరే సెప్పండి. తప్పు సెప్తే కొడతారా?"

పంతులు అబద్ధం ఆడే మనిషి కాదు. "కొడతాను" అన్నాడు.

ముత్యాలు తన చోటు వంక చూసుకుంది, అప్పుడే ఆరిన అలుకు వంక.

అసిరమ్మ మూలనున్న బెత్తం తెచ్చి పంతులి చేతిలో పెట్టింది. పేడ ఆరిన తన అరచెయ్యి చాపింది. "ఎలగ కొడతారో కొట్టండి బాబూ. ఆళ్ళు సూస్తారు. సూసి, తోలాలో వద్దో ఆళ్ళే అనుకుంటారు."

కూర్మయ్య పంతులు బెత్తం ఎత్తాడు. ఇరవయ్యేళ్ళు తన నేల అలికిన చెయ్యి అది. ఎంత వేగంగా కొట్టాలో, ఎక్కడ ఆపాలో ఇన్నాళ్ళూ ఆయన ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచన వచ్చింది, చెయ్యి దిగలేదు. సిగ్గేసింది ఆయనకి. బెత్తాన్ని చూరులో దోపేసి, కండువా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎవరినీ కొట్టలేదని కొందరు చెబుతారు. అది నమ్మకండి. చెవి మెలిపెట్టేవాడు, మొట్టికాయ వేసేవాడు. బెత్తం మాత్రం చూరులోంచి దిగలేదు.

మర్నాడు విజయదశమి. పంతులు పీట వేసుకుని కూర్చున్నాడు, ఈసారి గడపకి కాస్త పక్కగా. నరసి ముందుకొచ్చింది. చెయ్యి తల మీంచి వేసింది. చెవి అందింది, పేరు ఎక్కింది. ఇంకో పిల్ల. చెవి అందింది, పేరు ఎక్కింది. పన్నెండుమందికీ అందింది. ఒకడికైతే ఆత్రంలో గడ్డం కూడా అందింది. కిందటేడు అందని చేతులు ఇంతలా ఎలా పెరిగాయని పంతులు ముత్యాలుని అడిగాడు. ముత్యాలు ముఖం తిప్పుకుని, నీళ్ళు మారాయి బాబూ అంది. పంతులు నవ్వాడు. ఆయన నవ్వగా ఊరు చూడటం అదే మొదలు.

పెద్దపంతులు వచ్చి లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఒక్కరు. బడి కదల్లేదు. పార్వతాలు మూడో తరగతికి వెళ్ళింది, ఆ తర్వాత నాలుగు, ఆ తర్వాత ఐదు. అసిరమ్మ ఎప్పట్లాగే అంబలి మాడబెట్టింది.

ఏళ్ళు గడిచాయి. ప్రతి దసరా ముందురోజూ కొత్త తల్లులొచ్చేవాళ్ళు, తర్వాత తండ్రులూ వచ్చేవాళ్ళు. అసిరమ్మ వాళ్ళకి చోటు చూపించేది. వాళ్ళు అలికేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, అడిగేవాళ్ళు. తర్వాత ఆమె మంచాన పడింది. ముత్యాలు, మిగతా తల్లులు చుట్టూ కూర్చున్నారు. అందరి కోసం అంత ధైర్యంగా చెయ్యి చాపిన మనిషి ఆ రోజు భయపడింది. దాచుకోలేదు, చెప్పేసింది.

"అక్కడ ఏటుంటాదో నాకెరిక నేదే ముత్యాలూ. ఎవులూ సూసి సెప్పినోల్లు నేరు."

ముత్యాలు ఏడ్చింది. అసిరమ్మే ఆమెని ఓదార్చింది. "సర్లే. ఎవులో ఒకరు ముందెల్లాల గదా. నానెల్లి అలికి ఉంచుతాను. మీరొచ్చీసరికి ఆరిపోద్ది."

ఇప్పుడు ఏడుమెట్లవలసలో బడికి పాక లేదు, స్లాబు వేశారు. నేల గచ్చు, పేడ అక్కర్లేదు. అయినా బడి తెరిచే ముందురోజు తల్లీ తండ్రీ చెంబుడు నీళ్ళు, ఒక గుడ్డ తీసుకుని వెళ్తారు. తమ పిల్ల కూర్చోబోయే చోటు తుడుస్తారు, అక్కడ కూర్చుంటారు, అడగవలసింది అడుగుతారు. ఆ తర్వాతే పేరు ఎక్కుతుంది. కొత్తగా వచ్చిన టీచరుకి ఇది తెలియకపోతే ఊరివాళ్ళే చెబుతారు.

ఆ ఊళ్ళో ఇంకొక మాట ఉంది. ఎవరైనా పోయే ముందు భయపడితే, పక్కన కూర్చున్నవాళ్ళు దేవుడి పేరు కంటే ముందు ఆమె పేరే చెబుతారు. చెయ్యి పట్టుకుని, "బయపడకు, అసిరమ్మ అలికి ఉంచింది" అంటారు.